పర్యావరణ చరిత్ర – తెలుగునాటి సాక్ష్యము

అడవియు, చెరువును, వానయు మానవచరిత్రను ఏ విధముగా మలచినవో, మానవుడు వానినెట్లు మార్చెనో పరిశీలించు పండితవర్గమొకటి గత అర్ధశతాబ్దమున రూపొందినది. అమెరికాలో 1977లో పర్యావరణ చరిత్ర సంఘము ఏర్పడెను. భారతదేశమున ఈ విద్యకు బలము చేకూర్చినవారిలో మాధవ గాడ్గిల్, రామచంద్ర గుహ ముఖ్యులు. 1992లో వెలువడిన వారి ‘దిస్ ఫిషర్డ్ లాండ్’ ఆంగ్లపాలనను మన ప్రకృతిచరిత్రలో పెద్ద విభజనరేఖగా నిలిపినది. ఆ రేఖ అంత స్పష్టమైనదా యని తరువాతి పరిశోధకులు ప్రశ్నించిరి. ఈ వాదమున తెలుగునాటి సాక్ష్యమునకు తగిన స్థానము దక్కలేదు.

కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. అది చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను పేర్కొనును. కట్టనుండి నీరు కారుట, నేల చౌడగుట దోషములే. రెండు రాజ్యముల పొలిమేరయందుండుటయు వానితోపాటు దోషమే. నిత్యము వేయిమంది పనిచేయగా రెండేండ్లకు ఆ చెరువు పూర్తియైనదని శాసనమే చెప్పుచున్నది.

పదునారవ శతాబ్దపు ‘ఆముక్తమాల్యద’యందలి రాజనీతి మరియొక సాక్ష్యము. యామునాచార్యుడు తన కుమారునకు చేసిన బోధలో, సరిహద్దు అడవులను పెంచుమనియు, దేశమధ్యమున దొంగలకు నెలవైన అడవులను నరికింపుమనియు హితవు కలదు. ఆంగ్లేయులకు పూర్వమందును అడవిని పాలకదృష్టితో చూచినవారుండిరని దీనివలన తెలియుచున్నది.

అయినను, నీతిపద్యము నరికిన అడవికి లెక్క కానేరదు. ప్రబంధమందలి వనవర్ణనము సంప్రదాయబద్ధము. అందలి చెట్ల పేర్లనుబట్టి ఆ ప్రాంతపు వృక్షసంపదను నిర్ణయించుట సాహసమగును. ఈ వివేకము లేక కావ్యములనుండి ఆధారములేరుట చరిత్రకును సాహిత్యమునకును అపకారమే.

ప్రభుత్వపత్రములను సైతము ఇట్లే శంకించి చదువవలెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టము తరువాత మన్యమున పోడు వ్యవసాయముపై ఆంక్షలు పెరిగినవి. 1922–24 నాటి మన్యపు తిరుగుబాటునకు అవియొక కారణము. చట్టము దృష్టిలో పోడు కొట్టినవాడు నేరస్థుడు. రాజనీతి దృష్టిలో అడవిలోనివాడు అనుమానితుడు. రెండింటను అతని మాట వినరాదు. పూర్వకాలమంతయు ప్రకృతితో సామరస్యమేయని చెప్పినచో అతనికి మరల అన్యాయమే జరుగును.

కావున శాసనములను, కావ్యములను వాని ధర్మమెరిగి చదువగల తెలుగు విమర్శకులు ఈ విద్యకు కావలెను. గిరిజనుల పాటలను, కథలను, కొండలకు వాగులకు వారు పెట్టుకొన్న పేర్లను శ్రద్ధతో సేకరించువారును కావలెను. ఆ పేర్లు తెలిసిన వృద్ధులు గతించులోగా జరుగవలసిన పని యిది.