మృగయాధర్మము: కావ్యములలో రాజు, ఎఱుకు, రైతు

మన కావ్యములలో వేట వర్ణనమునకు గల స్థానము చిన్నది కాదు. అయినను తరగతిలో ఆ ఘట్టము వచ్చినపుడు మనము చేయు పని సాధారణముగా ఒక్కటియే: జాగిలములను, వలలను, పందిపోటును వర్ణించు పద్యములలోని దేశిపదములకు అర్థములు చెప్పి, కవి లోకజ్ఞతను మెచ్చుకొని, ముందునకు సాగుదుము. మృగయ వర్ణనాంగము మాత్రమే యను భావము ఇందులకు కారణము. దండి కావ్యాదర్శమున చెప్పిన మహాకావ్యవర్ణనల పట్టికలో మృగయ లేదు. విశ్వనాథుని సాహిత్యదర్పణమునందలి పట్టికలో కలదు. పట్టికలో చేరిన పిదప వేట అలంకారమైనది. దాని వెనుకనున్న ధర్మచర్చ మరుగుపడినది. ఆ చర్చను వెలికిదీయుట ఈ వ్యాసోద్దేశము. చంపుట, చంపకుండుట యను రెండు కొనల నడుమ మన గ్రంథములు ఒక మర్యాదను నిర్ణయించినవనియు, ఆ మర్యాదకు ప్రమాణముగా రాజును గాక పలుచోట్ల ఎఱుకునే నిలిపినవనియు మా ప్రతిపాదన.

ముందుగా కిందమోపాఖ్యానమును చూతము. మృగరూపమున భార్యతో క్రీడించుచున్న మునిని పాండురాజు బాణముతో కొట్టెను. వ్యాసభారతమున రాజు తన చర్యను సమర్థించుకొనుటకు రెండు వాదములు తెచ్చెను: రాజులు శత్రువులయెడ ఎట్లు వర్తింతురో మృగములయెడ అట్లే వర్తింతురనుట ఒకటి, సత్రయాగమున అగస్త్యుడు మృగములను వేటాడెనను పూర్వాచారము రెండవది. ముని యిచ్చిన ప్రత్యుత్తరము గమనింపదగినది. మృగమును చంపినందులకు నిన్ను నిందింపను, మైథునము ముగియువరకు ఆగకపోవుటయే నీ దోషమని అతడు పలికెను. అనగా ఇచట విచారణకు వచ్చినది వధ కాదు, వధించిన వేళ. నన్నయ ఈ ఘట్టమును తెనిగించుచు, పరువెత్తలేనివి, ఈనుచున్నవి, జతగూడియున్నవి, రోగముతోనున్నవి యగు మృగములను పొట్టకూటికై వేటాడు ఎఱుకులు సయితము కొట్టరని మునిచేత చెప్పించెను. ఈ మాటలో గల నిశితత్వమును మన వ్యాఖ్యాతలు తగినంతగా పరామర్శించినట్లు కన్పట్టదు. కురుకులరాజునకు ధర్మము చెప్పవలసివచ్చి ముని చూపిన ఆదర్శము ఋషి కాదు, మఱియొక రాజు కాదు. అడవిలో మాంసమమ్ముకొని బ్రతుకు ఎఱుకు. ఆకలి గలవాడు పాటించు నియమమును వినోదమునకు వచ్చినవాడు పాటింపలేదనుట ఇందలి సారము.

రాజుల వేటను శాస్త్రకారులు శంకించిన విషయము ఇచట స్మరణీయము. మనుస్మృతి మృగయను కామజవ్యసనములు పదింటిలో చేర్చి, వానిలో మిక్కిలి కష్టమైన నాలుగింటిలో ఒకటిగా లెక్కించినది. కౌటిల్యుడు మాత్రము జూదముకంటె వేట మేలని వాదించెను: అందు వ్యాయామము కలదు, కదలు లక్ష్యమును కొట్టు నేర్పు అలవడును, కోపభయములలో మృగముల చిత్తము తెలియవచ్చును. ఈ ప్రశంసనే కాళిదాసు శాకుంతలమున సేనాపతి నోట పలికించి, ప్రక్కనే వేటవలన ఒళ్లు హూనమైన విదూషకుని నిలిపెను. వేటకు అనుకూలవాదము ఎంత ప్రాచీనమో, దానిపై పరిహాసమును అంత ప్రాచీనము.

కాళిదాసే రఘువంశ నవమసర్గలో దశరథుని వేటను చెప్పుచు రెండు దృశ్యములను కూర్చెను. మొదటిదానిలో రాజు ఒక జింకకు గురిపెట్టగా, ఆడుజింక అడ్డమువచ్చి తన శరీరముతో మగనిని కాచెను. చెవిదాక లాగిన బాణమును రాజు జాలితో ఉపసంహరించెను. రెండవదానిలో అదే రాజు నీటికడ వినవచ్చిన చప్పుడు ఏనుగుదని యెంచి, చూడకయే బాణము వేసి మునికుమారుని చంపెను. ఈ రెంటిని వేర్వేరుగా చదువు అలవాటు మనకు కలదు. కలిపి చదివినచో ఒక సూత్రము తేలును. చూచినచోట దయకు తావున్నది, చూడనిచోట లేదు. శబ్దవేధిత్వము విలువిద్యలో గొప్ప కౌశలమే కావచ్చును. వేటధర్మములో అది లోపమే. ఎవనిపై వేయుచున్నాడో ఎఱుగని చేతికి ఆగుట యనునది సాధ్యము కాదు.

ఇక తిన్నని కథకు వత్తము. కన్నప్పచరిత్రను పాల్కురికి సోమన బసవపురాణమునను, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరమాహాత్మ్యమునను తెనుగున చెప్పిరి. ధూర్జటి చేతిలో ఉడుమూరి బోయల జీవితము నిండుగా రూపుదాల్చినది. అయితే మా చర్చకు ముఖ్యమైన రెండు అంశములు పండ్రెండవ శతాబ్దిలో సేక్కిళార్ రచించిన తమిళ పెరియపురాణమున స్పష్టముగా నున్నవి. మొదటిది: తిన్నని తొలివేట వినోదమునకై ఆరంభమైనది కాదు. అతని తండ్రి ముసలివాడై నెలనెలా సాగవలసిన వేట కుంటుపడగా, మృగములు పెరిగి కొండచేలను పాడుచేయుచున్నవని వేటగాండ్రు వచ్చి మొఱపెట్టుకొనిరి. రెండవది: ఆ వేటలో వారు ఏనుగుగున్నలను తరుమలేదు, చిన్నికూనలను చంపలేదు, చూలుతో అడుగు తడబడు పెంటిమృగములను బాధింపలేదు. నన్నయ ఎఱుకుల పేర చెప్పిన మాటకు ఇది చక్కని ఉపబలము. భాషలు వేరు, కాలములు వేరు, కవుల మతనిష్ఠలును వేరు. నియమము మాత్రము ఒక్కటియే. ఇది కవిసమయము కాదనియు, అడవిజాతుల ఆచారమును కవులు ఎఱిగి చెప్పినదనియు మేము భావించుచున్నాము.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. రామాయణారంభమున క్రౌంచమిథునములో ఒకదానిని కొట్టి వాల్మీకి శాపమునకు గురియైనవాడు నిషాదుడే గదా! ఎఱుకునే ప్రమాణముగా నిలుపుట ఎట్లు పొసగునని అడుగవచ్చును. ఆక్షేపణ బలమైనదే. నిషాదుని నేరమును, పాండురాజు నేరమును పోల్చి చూచినచో రెండును ఒక్కటియే: జతగూడియున్న ప్రాణిని కొట్టుట. కనుక శాపము బోయవృత్తికి తగిలినది కాదు, మర్యాదాతిక్రమణమునకు తగిలినది. ఆ తప్పు చేసిన రాజును శాపము విడిచిపెట్టలేదు. కాని లోకము ఈ రెండు కథలను ఒక్కతీరున జ్ఞాపకముంచుకొనలేదు. పాండురాజు దురదృష్టవంతుడైనాడు, కిరాతశబ్దము మాత్రము నేటికిని మన వాడుకలో క్రూరతకు పర్యాయమై నిలిచినది. ఒక వ్యక్తి చేసిన తప్పు ఒక జాతికి విశేషణమగుట న్యాయము కాదు. మూలగ్రంథములు చేయని ఈ అన్యాయమును తరువాతి వాడుక చేసినది.

వేటకు వినోదము, ఆకలి యనునవే గాక మూడవ హేతువు కలదు, పైరు రక్షణము. ఈ విషయమున మన గ్రంథములు రైతును నిందింపలేదు, పూర్తిగా నిర్దోషియనియు అనలేదు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషములోనిది ధర్మవ్యాధుని కథ. మూలమున మిథిలలో మాంసమమ్ముకొను ఆ వ్యాధుడు కౌశికునితో, కృషి మేలైన వృత్తి యని లోకమనును గాని నాగలి మొన క్రింద నేలలోని ప్రాణులు ఎన్నియో చచ్చుననెను. అన్నము తినువాడెవ్వడును హింసకు పూర్తిగా వెలుపల లేడు. ఆ అరణ్యపర్వముననే ద్వైతవనమృగములు ధర్మరాజునకు కలలో కన్పించి, మీ వేటవలన మేము విత్తనమునకు మాత్రము మిగిలితిమి, మా సంతతి పెరుగునట్లు వేఱొకచోటికి తరలిపొమ్మని వేడుకొనెను. ధర్మరాజు విల్లు విఱిచివేయలేదు, విడిది మార్చెను. విత్తనము మిగుల్చుట యను రైతుభాషలో మృగములు మాటాడుట మాకు మిక్కిలి అర్థవంతముగా తోచుచున్నది.

చంపకయే పైరును కాచు ఉపాయములును పూర్వులకు తెలియును. ఎలుకల భయము కలిగినపుడు పిల్లులను, ముంగిసలను విడువవలెనని అర్థశాస్త్రము విధించినది. వానిని పట్టినవారికి, హింసించినవారికి 12 పణములు దండువు. మన చేలలోని మంచె, ఒడిసెల, దిష్టిబొమ్మ ఈ కోవలోనివే. మంచె యెక్కినవాడు మేలుకొని చూచుచుండును. పిట్టను తోలునేగాని దాని వంశమును తుడిచివేయడు.

నేటి స్థితిని తలచినపుడు ఈ చర్చ పుస్తకములకే పరిమితము కాదని తెలియును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను నిషేధించినది. అయినను ప్రాణమునకు, పైరునకు హాని కలుగునపుడు అధికారుల అనుమతితో కొన్ని మృగములను చంపుటకు వీలు కల్పించినది. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము బీహారులోని కొన్ని జిల్లాలలో నీలగాయిని, అడవిపందిని ఒక సంవత్సరమునకు హానికరజంతువులుగా ప్రకటించెను. 2016 జూన్‌లో మొకామా ప్రాంతమున నీలగాయిలను కాల్చినపుడు కేంద్రమంత్రులే ఇద్దరు బహిరంగముగా విభేదించిరి. ఒకరికి అది రైతురక్షణము, మఱియొకరికి రక్తదాహము. కాల్చినవాని పేరు లోకము నోట నానినది. కరెంటు తీగ పఱచినవాని పేరు ఎవరికిని తెలియదు. ఈ తీగ, ప్రేలుడు మందు కూరిన పండు, ఉచ్చు నేడు మన పొలములచుట్టు మృగములకే గాక మనుష్యులకును మృత్యువగుచున్నవి. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడు జిల్లాలో ప్రేలుడుపండు కొఱికి నదిలో నిలిచి మరణించిన ఏనుగు చూలుతో నుండెను. నన్నయ ఎఱుకులు, సేక్కిళార్ వేటగాండ్రు విడిచిపెట్టిన ప్రాణి సరిగా ఇదియే. తీగకు కన్ను లేదు. అది ఈనుచున్నదానిని, కూనను, మనుష్యుని వేఱుపఱుపజాలదు. దశరథుని శబ్దవేధి నేడు ప్రతి గట్టుమీదను కాపున్నది.

కనుక, పంట పోగొట్టుకొనుచున్న రైతు బాధను కాదని అహింసను బోధించుట మా అభిమతము కాదు. ధర్మవ్యాధుని మాట విన్నవారికి అట్టి బోధ సాధ్యము కాదు. గ్రంథముల సాక్ష్యమును బట్టి మూడు ప్రశ్నలు మాత్రము నిలుచుచున్నవి: ఎందులకు చంపుచున్నాడు? ఏ దశలోనున్న ప్రాణిని చంపుచున్నాడు? చూచి చంపుచున్నాడా? వీనికి సమాధానము చెప్పగలవాడు తుపాకి పట్టినను ఎఱుకు మర్యాదలోనివాడు. చెప్పలేనివాడు ఇంట నిద్రించుచున్నను పాండురాజు దోషములోనివాడు.

తుదకు మనుచరిత్రను స్మరింతము. మారన మార్కండేయపురాణమునుండి పెద్దన గ్రహించిన ఆ కథలో స్వరోచి వేటను మనము ఉత్సాహముతో బోధింతుము. కాని కథాంతమున స్వరోచి వరాహమునకు గురిపెట్టగా ఒక లేడి ఎదుటికి వచ్చి, ఆ బాణమును తనపై వేయుమని కోరెను. అతడు వేయక, ఆగి, ఎందులకని అడిగెను. ఆ లేడియే వనదేవత; ఆమెయందు జనించినవాడే స్వారోచిష మనువు. కావ్యమునకు పేరిచ్చిన మనువు పుట్టుట ఎక్కుపెట్టిన బాణము ఆగుటవలననే సాధ్యమైనది. వేట పద్యములకు అర్థము చెప్పునపుడు ఈ ఆగుటకును అర్థము చెప్పవలసిన బాధ్యత మనపై కలదు.