తొలి ప్రోగ్రాము పాఠము

కర్నిగన్, రిచీలు రచించిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ 1978లో వెలువడినది. సి భాషకు ప్రామాణికమైన ఈ గ్రంథము ప్రోగ్రామింగు కొంత ఎరిగినవారికై వ్రాయబడినది. గోస్పాడులో చదివి, నంద్యాల కళాశాలలో తొలి ప్రోగ్రాము వ్రాయు విద్యార్థికి ఇదొక్కటే చాలునా?

అందులోని ఉష్ణోగ్రతల పట్టికనే చూడవచ్చును. ఫారన్‌హీటు అంకెనుండి 32 తీసివేసి, 5చే గుణించి, 9చే భాగించిన సెల్సియసు వచ్చును. గోస్పాడు ఎండ 104 డిగ్రీలైనచో 40 అని తేలును. 5ను 9చే ముందే భాగించినచో సున్న వచ్చును. పూర్ణాంకముల భాగహారములో యంత్రము భిన్నమును విడిచివేయును. గ్రంథకర్తలు ఈ కారణమును చెప్పిరి గాని, క్లుప్తముగా చెప్పిరి. చూచి వ్రాసుకొను విద్యార్థి దానిని గమనింపక దాటిపోవును. కనుక ఉపాధ్యాయుడు తప్పు వరుసనే ముందు వ్రాయించి, కాగితముపై లెక్క కట్టించవలెను. పట్టికనిండ సున్నలు చూచినవాడు ఆ నియమమును మరువడు.