పొగ, ఆవిరి, ‘కంటె’: ఇ-సిగరెట్ ముప్పును గర్భిణులు చూసే తీరుపై ఒక భాషా విమర్శ

ఇ-సిగరెట్ వల్ల కలిగే ముప్పును గర్భిణులు ఏ విధంగా చూస్తారనే విషయంపై ఇంగ్లండ్, అమెరికా దేశాలలో గత కొన్నేళ్లుగా అనేక అధ్యయనాలు వెలువడ్డాయి. అవి ప్రజారోగ్య శాస్త్ర పరిధిలోనివి. అయినా వాటిలోని ఇంటర్వ్యూల వల్ల తేలిన అంశాలు చాలావరకు మాటకు, అర్థానికి సంబంధించినవే. కనుక భాషాసాహిత్య పరిశోధకులు వాటిని పట్టించుకోవలసి ఉంది.

ముందుగా పారిభాషిక పదం సంగతి. ‘రిస్క్ పర్సెప్షన్’ను తెలుగులోకి తేవాలంటే వెంటనే తట్టే మాటలు ‘అవగాహన’, ‘అపోహ’. ‘అవగాహన సదస్సు’ వంటి ప్రయోగాల వల్ల మొదటి మాటకు తెలియనివారికి తెలియజెప్పడం అనే ఛాయ స్థిరపడింది. రెండవది విచారణకు ముందే తీర్పు చెప్పేస్తుంది. దేన్ని గ్రహించినా గర్భిణి పరీక్ష రాసే విద్యార్థిని అవుతుంది, పరిశోధకుడు మార్కులు వేసే ఉపాధ్యాయుడవుతాడు. ‘ముప్పును చూసే తీరు’ అనే మాట అంత శాస్త్రీయంగా వినిపించకపోవచ్చు గాని, ఆమె ఎక్కడ నిలబడి చూస్తున్నదో అడిగే వీలు అందులో ఉంది.

ఇ-సిగరెట్‌లో పొగాకు కాలదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచినీ వాసననూ ఇచ్చే పదార్థాలు, సాధారణంగా నికొటిన్ కలిసిన ద్రవాన్ని బ్యాటరీతో వేడెక్కే తీగ సూక్ష్మమైన తుంపరలుగా మారుస్తుంది. ఆంగ్లంలో దీనికి ఆవిరి అనే అర్థమిచ్చే ‘వేపర్’ అన్న పేరు స్థిరపడింది. పేరు నీటిని తలపిస్తుంది, పీల్చేది నీటి ఆవిరి కాదు. మంట లేదు, బూడిద లేదు, బట్టలకు వాసన పట్టదు, రసాయనాలు తక్కువ: స్త్రీలు తరచుగా చెప్పిన కారణాలివి. చాలావరకు ఇవి కంటితో, ముక్కుతో చేసిన పోలికలు. మాయను దాటి గర్భస్థ శిశువును చేరి, ఎదుగుతున్న మెదడుకు, ఊపిరితిత్తులకు హాని చేయగల నికొటిన్ ఈ పోలికలోకి రాదు.

ఇంగ్లండ్ ప్రసూతి సేవలలో గర్భిణి ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను ఒక చిన్న పరికరంతో కొలుస్తారు. కాల్చే సిగరెట్‌ను అది పట్టిస్తుంది. దహనం లేని ఇ-సిగరెట్‌ను పట్టించదు. సిగరెట్ మాని దీనికి మారిన స్త్రీ కళ్లముందే ఆ అంకె తగ్గుతుంది. ఆ తగ్గుదల నిజమైనది, బిడ్డకు మేలైనది కూడా. అయితే ఒక వాయువును కొలిచిన అంకెను ఆమె మొత్తం ముప్పుకే కొలతగా చదువుకుంటే తప్పు ఆమెదేనా?

2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ ఇ-సిగరెట్ సిగరెట్ కంటె దాదాపు 95 శాతం తక్కువ హానికరమని ప్రకటించింది. 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో సిగరెట్ తాగే 1,140 మంది గర్భిణులపై జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. నికొటిన్ ప్యాచీలు పొందినవారిలో 14.8 శాతం మందికి రెండున్నర కిలోల కంటె తక్కువ బరువున్న శిశువులు పుట్టగా, ఇ-సిగరెట్ పొందినవారిలో అది 9.6 శాతం. రెండూ తులనాత్మక వాక్యాలే. మన వ్యాకరణంలో ‘కంటె’ పంచమీ విభక్తి ప్రత్యయం. ముందు ఒక నామం లేనిదే అది నిలబడదు. వాడుకలో జారిపోయేది సరిగ్గా ఆ నామమే. ‘సిగరెట్ కంటె తక్కువ హాని’ కాస్తా ‘తక్కువ హాని’ అవుతుంది, ఆపైన ‘హాని లేదు’ అవుతుంది. మరోవైపు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం గర్భిణులకు ఇ-సిగరెట్ సురక్షితం కాదంటుంది. అక్కడ పోలిక అసలేమీ వాడకపోవడంతో. రెండు మాటలూ నిజమే, ఆధారాలే వేరు. ఆ ఆధారాలను దాచి రెండు వాక్యాలనూ ఒకే స్త్రీ చేతిలో పెట్టి, ఆమె తడబాటును ‘గందరగోళం’గా నమోదు చేయడం నాకు సమ్మతం కాదు. గందరగోళం వాక్యంలో ఉంది.

భారతదేశంలో 2019 చట్టం ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. అంతమాత్రాన ఈ చర్చ మనది కాకుండా పోదు. ‘పొగ తాగుతారా?’ అనే మన ప్రశ్ననే చూడండి. ఆకు పేరులోనే పొగ ఉన్న భాష మనది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో ఉంచుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలోనే ఎక్కువ. అంగిలి క్యాన్సర్‌తో దానికున్న సంబంధాన్ని 1957 నాటికే వైద్య పరిశోధకులు గుర్తించారు. ఆ స్త్రీకి ఈ ప్రశ్న సరిపోతుంది. ఖైనీ నమిలే స్త్రీ ‘లేదు’ అంటుంది. అది అబద్ధం కాదు. ఇ-సిగరెట్ పీల్చే యువతి జవాబూ అంతే. పైగా బాలింతకు, పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేసే ఇంట్లో పొగ రక్ష, జలుబుకు పట్టే ఆవిరి మందు. ‘వేపింగ్’ను ‘ఆవిరి పీల్చడం’ అని అనువదిస్తే ఆ మందు గుణం తెలియకుండానే ఇ-సిగరెట్‌కు అంటుకుంటుంది. తెలుగు మాట కోసం నేనెప్పుడూ వాదించేవాడినే గాని, ఇక్కడ మాత్రం ‘వేపింగ్’ పరాయిగా వినిపించడమే మేలు.

కాబట్టి మన ప్రాంతంలో ఇటువంటి అధ్యయనానికి పూనుకునేవారు ‘పొగ’ అన్న ఒక్క మాటపై ఆధారపడకూడదు. కాల్చడం, నమలడం, పళ్లకు రుద్దడం, పీల్చడం అని క్రియలను విడివిడిగా అడగాలి. ‘ఫరవాలేదు’ అన్న జవాబు వచ్చినచోట ‘దేనికంటె?’ అని మరొక ప్రశ్న వేసి, ఆమె చెప్పిన పోలికను ఆమె మాటల్లోనే రాసుకోవాలి.