భయములో పుట్టిన ప్రార్థన: బాన్‌హోఫర్ లేఖపై ఒక పరిశీలన

1942 ఏప్రిల్ 5 పునరుత్థాన ఆదివారము. మరునాడే జపాను విమానములు విశాఖపట్నముపైన, గౌతమికి ఆవల మన పొరుగుననున్న కాకినాడపైన బాంబులు వేశాయి. సమాధి ఖాళీ అయినదని ముందురోజు విన్న విశ్వాసులకు తెల్లవారేసరికి ఆకాశము నుండి మరణము ఎదురైంది.

యుద్ధభయము మనిషిని దేవుని యొద్దకు నడిపిస్తుందని తరచు ప్రసంగిస్తాము. అమెరికా సైనికులపై 1949లో వెలువడిన స్టౌఫర్ బృందపు అధ్యయనములో కూడ, పోరాటపు ఒత్తిడి ఎక్కువగా అనుభవించినవారే ప్రార్థన తమకు తోడ్పడిందని ఎక్కువగా చెప్పారు. అయితే అది ఆపద గడచిన తరువాత నిలిచే విశ్వాసమేనా?

నాజీలు 1945 ఏప్రిల్ 9న ఉరితీసిన జర్మను దైవశాస్త్రి డీట్రిక్ బాన్‌హోఫర్ చెరసాల లేఖలను ఈ ప్రశ్నతో చదవాలి. 1944 జనవరిలో బెర్లిన్‌లోని టేగెల్ చెరసాలపై విమానదాడి జరుగుతుండగా అందరూ నేలమీద పడుకున్నారు. మామూలుగా దేనినీ లక్ష్యపెట్టని ఒకడు దేవునికి మొరపెట్టాడు. బాన్‌హోఫర్ అతనికి ఆదరణ వాక్యమేదీ చెప్పలేదు. గడియారము చూసి, ఇది పది నిమిషాలకు మించదని మాత్రము అన్నాడు. ఈ సంగతి మిత్రుడైన బెత్గెకు తానే వ్రాశాడు. అదే ఏప్రిల్ లేఖలో, మనిషి బలము ఉడిగిన చోటనే దేవుని తెచ్చి నిలబెట్టే భక్తిని విమర్శించాడు.

సెమినరీలో ఇది చదివినప్పుడు నాకు కోపము వచ్చింది. కాపరి అలా ఊరుకోవచ్చునా?

తరువాత 1996 నవంబరు 6 తుఫాను వచ్చింది. వెయ్యికి పైగా మరణించారు. తుఫానులో శత్రువు లేడు గనుక అది యుద్ధము కాదు. మరణభయము మాత్రము అదే. పరిచర్యకు కొత్తవాడనైన నేను, సహాయపు బియ్యము కొరకు వరుసలో నిలబడినవారి ఎదుట మరణమును గూర్చి ప్రసంగించి, చేతులెత్తినవారిని లెక్కపెట్టి నివేదిక పంపాను. క్రిస్మస్ ఆరాధనకు వారిలో నలుగురు వచ్చారు. ఒక మామ్మ ఇలా అన్నది: "ఆయ్, ఆ రోజు మీరేం చెప్పారో నాకు తెలీదండి అయ్యగారూ. గాలి మళ్ళీ లేస్తుందేమోనని నా చెవులు అటేపే ఉన్నాయండి."

అప్పుడు ఆ లేఖను మళ్ళీ తీశాను. భయపడినవానిని ఆ గడియలో పట్టుకొనకూడదన్న బాన్‌హోఫర్ జంకు సరియైనదే. అయినను ఆ మౌనమునే సూత్రముగా చేసే వ్యాఖ్యాతలతో నేను ఏకీభవించను. ఆ రాత్రికి కొన్ని వారాల ముందే, 1943 క్రిస్మస్‌కు, ఆయన తోటి ఖైదీల కొరకు ప్రార్థనలు వ్రాసి ఇచ్చాడు. వాటిలో ఆపదవేళ చేయవలసిన ప్రార్థన కూడ ఉంది. దీనిని విడిచి గడియారమునే చూపించుట సగము చదువు.

యోనా గ్రంథము నాకు మరింత సమతూకముగా కనిపిస్తుంది. ఓడవారు భయపడి ఎవరి దేవతకు వారు మొరపెట్టారు (1:5). లేఖనము వారిని ఎగతాళి చేయదు, విశ్వాసులుగా లెక్కించదు కూడ. సముద్రము నిమ్మళించిన తరువాతనే వారు యెహోవాకు భయపడి, బలి అర్పించి, మ్రొక్కుబళ్లు చేశారు (1:16). ఆ రెండవ ఆరాధనను గూర్చి మన ప్రసంగాలలో నేను అరుదుగా విన్నాను. యోనా చేప కడుపులోనికి వెళ్లగానే మనమూ ఓడను విడిచి అతని వెంట వెళ్లిపోతాము.