చంద్రుడిమీద మూడో మనిషి

"మీ నవలలో కథ నిజంగా జరిగిందాండీ?" అని అడుగుతుంటారు పాఠకురాళ్ళు. లేదంటే పాపం చిన్నబుచ్చుకుంటారు. మొన్న ఏలన్ బీన్ బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే నాకూ ఆ ప్రశ్నే వచ్చింది.

బీన్ అమెరికా వ్యోమగామి. 1969 నవంబరులో అపోలో-12లో వెళ్ళి చంద్రుడిమీద నడిచాడు. అలా నడిచినవాళ్ళలో నాలుగోవాడు. 1973లో స్కైలాబ్‌లో 59 రోజులున్నాడు. అంతటివాడు 1981లో, నలభై తొమ్మిదో ఏట, నాసా ఉద్యోగం వదిలి కుంచె పట్టుకున్నాడు. మన ఇళ్ళల్లో అయితే "ఇదేం పిచ్చి?" అనరూ! 2018లో కన్నుమూసేదాకా చంద్రుణ్ణి బొమ్మలుగా వేస్తూనే ఉన్నాడు.

చంద్రుడి నేల బూడిదరంగు. బీన్ దానికి ఊదా, నారింజ, పసుపు పూశాడు. దానికి నేనొప్పుకుంటాను; మనసులో మిగిలిన రంగులవి. కాని అక్కడ వాడిన సుత్తితో బొమ్మమీద గాట్లు పెట్టడం, చంద్రధూళి అంటిన తన దుస్తుల మీది బిళ్ళల్ని ముక్కలు చేసి రంగులో కలపడం నాకంతగా రుచించలేదు. "నేను వెళ్ళాను సుమా!" అని సాక్ష్యం చూపించినట్టుంటుంది. మంచి బొమ్మకి సాక్షి ఎందుకూ?

అందుకే నాకు ఆయన వేసిన ఒక అబద్ధపు బొమ్మే అన్నిటికన్నా నచ్చింది. బీన్, కాన్రాడ్ కిందికి దిగితే, మూడోవాడు గోర్డన్ ఒంటరిగా చంద్రుడిచుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు. తర్వాత అపోలో-18లో దిగుతాడనుకుంటే, ఆ యాత్రే రద్దయింది. బీన్ బొమ్మలో మాత్రం ముగ్గురూ చంద్రుడిమీద కలిసి నిలబడ్డారు!

ఇది మా కురుపాం వాళ్ళకి వింతేం కాదు. ఈ కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో బొమ్మలేస్తారు. పోయిన పెద్దలు వచ్చి కూర్చోవడానికి ఇంట్లో అదొక చోటు. గోడమీద అలికింది పిండే అయినా, పిలిచిన పిలుపు నిజం. బీన్ కూడా స్నేహితుడికి అలాంటి చోటే చేసిపెట్టాడు. ధూళి కలిపిన బొమ్మలు ఆయన చంద్రుడిమీదకి వెళ్ళాడని చెబుతాయి. ఈ బొమ్మ మాత్రం, అక్కడికి వెళ్ళి ఎవరికోసం వెనక్కి చూశాడో చెబుతుంది.

ఇకమీదట ఎవరైనా "నిజంగా జరిగిందా?" అంటే, "జరగలేదమ్మా, జరిగి ఉంటే బాగుండేది. అందుకే రాశాను" అని చెప్పేస్తాను.