కాపర్ వాషర్ దగ్గర తేలే పనితనం

లారీ డ్రైవరు షెడ్డుకొచ్చి ఇంజెక్టర్లు మార్చమని అడగడు. బండి లాగట్లేదంటాడు. ఘాటెక్కేటప్పుడు నల్లపొగ కక్కుతోందంటాడు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతోందంటాడు, లేదా మైలేజీ తగ్గిందని ఓనరు సణుగుతున్నాడంటాడు. ఈ మాటలు పట్టుకుని ఇంజెక్టరు దాకా వెళ్లడం మెకానిక్ చేసే మొదటి పని. దారి తిన్నగా ఉండదు. నల్లపొగకు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు కారణం కావచ్చు, టర్బో హోసు చిట్లి ఉండొచ్చు. బండి లాగకపోవడానికి పాతబడిన డీజిల్ ఫిల్టరు ఒక్కటి చాలు. ఇవేవీ చూడకుండా స్పానరు తీసుకెళ్లి ఇంజెక్టరు మీద పెట్టాడంటే ఆ మనిషికి పని ఇంకా రాలేదనే లెక్క.

చెన్నై–కోల్‌కతా దారి, పుణె–మచిలీపట్నం దారి కలిసే ఊరు విజయవాడ. అక్కడి ఆటోనగర్‌లో లారీకి కావలసిన ప్రతి పనికీ ఒక వీధి, ఒక చేతివాటం ఉన్నాయి. బాడీలు కట్టేవాళ్లు, కమాన్లు సరిచేసేవాళ్లు, లేత్ పనివాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు. వీళ్లందరి పనీ ఆరుబయట, మట్టిలో, గ్రీజులో సాగిపోతుంది. డీజిల్ పంపు, ఇంజెక్టరు కొసనుండే నాజిల్ పని మాత్రం తలుపు మూసిన గదిలో జరగాలి. శుభ్రమైన డీజిల్ తొట్టి, నూలు రాలని గుడ్డ, బల్ల మీద వరసగా పేర్చిన నాజిళ్లు. ఆ శుభ్రతకు బలమైన కారణమే ఉంది. నాజిల్ లోపలి సూదికీ అది జారే రంధ్రానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో. కంటికి కనబడని నలుసు చాలు, సూది బిగుసుకుపోవడానికి. సూదినీ దాని బాడీనీ జంటగా అరగదీసి కలుపుతారు కాబట్టి ఒకదాని సూది ఇంకోదానికి వెయ్యకూడదు. చేరిన కొత్తలో కుర్రాడికి నేర్పేది ఇదే: జంట విడదీయకు, వేరేదానితో కలపకు.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపించిన ఇంజన్లో ఇంధనాన్ని సిలిండర్లోకి తోయడానికి కంప్రెసర్ గాలి కావలసి వచ్చేది. అంత సరంజామా లారీ మీద మొయ్యలేం. 1927లో బాష్ కంపెనీ డీజిల్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక రోడ్డు బళ్లకు డీజిల్ అచ్చొచ్చింది. మన దేశంలో ఆ పంపుల తయారీని బెంగళూరులో 1951లో పుట్టిన మైకో కంపెనీ అందుకుంది. 1954లో లారీల తయారీకి టాటాల టెల్కో, డైమ్లర్-బెంజ్ చేతులు కలిపాయి, మరోపక్క లేలాండ్ బళ్లు వచ్చాయి. వాటి వెనకే పంపు మేస్త్రీలూ తయారయ్యారు. 2008లో మైకో పేరు బాష్‌గా మారింది కానీ పాత మేస్త్రీల నోట ఇప్పటికీ మైకో నాజిలే.

ఇంజెక్టరు చేసే పని వినడానికి చిన్నదే. ఇంజన్ నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టరు సెకనుకు 15 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ప్రతిసారీ దానికి దొరికే వ్యవధి దాదాపు రెండు మిల్లీసెకన్లు. అంతలో ఒకటి రెండు చుక్కల డీజిలును వెంట్రుక మందాన్ని కొంచెం మించిన రంధ్రాల గుండా చిమ్మి, చివర బొట్టు కారకుండా టక్కున ఆగిపోవాలి. ఆగకపోతే జరిగే నష్టం పెద్దది. కారిన డీజిలు సిలిండరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి, సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మట్టం తగ్గాల్సింది పెరిగి కనిపిస్తుంది, వాసన చూస్తే డీజిలు. ఇంకా నిర్లక్ష్యం చేస్తే పిస్టన్ తల కరిగి బొక్కపడుతుంది.

పాత టాటా 697 లాంటి ఆరు సిలిండర్ల ఇంజన్లో చెడ్డ ఇంజెక్టరును పట్టుకోవడానికి చెవే పరికరం. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. ఆ సిలిండరుకు డీజిలు ఆగుతుంది. శబ్దం మారి ఇంజన్ కుంటితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. ఏ మార్పూ లేకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. అనుభవం ఉన్న మేస్త్రి నట్టు ముట్టుకోకముందే ఎగ్జాస్టు మానిఫోల్డు దగ్గర నిలబడి ఏ సిలిండరో చెప్పేస్తాడు. అయినా నట్టు తిప్పి చూడకుండా ఏదీ విప్పడు.

విప్పడానికి ముందు కడగాలి. ఇంజెక్టరు చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్షుతో, గాలితో ఊది పారేశాకే పైపులు విప్పాలి. విప్పిన ప్రతి మూతికీ వెంటనే టోపీ పెట్టాలి. రిటర్ను పైపు తీసి, క్లాంపు నట్టు వదులు చేసి, ఇంజెక్టరును పుల్లరుతో తిన్నగా పైకి లాగాలి. కార్బన్ పట్టి రాకపోతే స్క్రూడ్రైవరు పెట్టి తన్నడం కొందరికి అలవాటు. నా దృష్టిలో అది నేరం. హెడ్డు మీద పడిన గాటు కొత్త ఇంజెక్టరు పెట్టినా పోదు.

అసలు పరీక్ష కాపర్ వాషర్ దగ్గర. ఇంజెక్టరు బయటికొచ్చినా దాని కింది రాగి వాషరు చాలాసార్లు హెడ్డులోనే అతుక్కుని ఉండిపోతుంది. చీకటి గుంతలో, మసి పట్టి కనబడదు. చూడకుండా దాని మీద కొత్త వాషరు వేసి బిగిస్తే నాజిల్ మూతి ఉండాల్సినదానికన్నా పైన ఉంటుంది, డీజిలు పిస్టన్ మీది గిన్నెలో పడాల్సిన చోట పడదు, కొత్త ఇంజెక్టర్లతోనే బండి పొగ కక్కుతుంది. ఓనరు నాజిల్ నకిలీదంటాడు, షాపువాడు మంచిదేనంటాడు, ఇద్దరూ వాదించుకుంటారు. వాషరే లేకుండా బిగిస్తే ఇంకో తంటా: కంప్రెషన్ పైకి తన్ని నాజిల్ కాలిపోతుంది. అందుకే టార్చి వేసి, వంచిన తీగతో తడిమి, పాత వాషరు చేతికొచ్చాకే ముందుకెళ్లాలి. తరువాత ఇంజెక్టరు కూర్చునే చోట మసి గీకి, ఆ మసి సిలిండర్లో పడకుండా చూసుకోవాలి. పాత వాషరును మళ్లీ వాడకూడదు. ఒకసారి నొక్కుకుపోయిన రాగి రెండోసారి అంత బాగా సీలు కాదు.

బల్ల మీద పాప్ టెస్టరుకు ఇంజెక్టరు బిగించి చేత్తో పంపు కొడితే ప్రెషరు గేజి ముల్లు పైకి పోతుంది. ఈ పాత రకాలకు తెరుచుకునే ప్రెషరు సాధారణంగా 200 నుంచి 250 బార్ల మధ్య ఉంటుంది, ఏ ఇంజనుకు ఎంతో కంపెనీ చెప్పినదే లెక్క. తక్కువైతే స్ప్రింగు మీద సిమ్ము పెడతారు, ఎక్కువైతే తీస్తారు. చిమ్మినప్పుడు ప్రతి రంధ్రం నుంచీ సమానంగా సన్నని తుంపర రావాలి. పెళ్లిలో పన్నీరు బుడ్డి చిలకరించినట్టు లావు ధారలు పడితే ఆ నాజిల్ పక్కకు పోవాల్సిందే. ఆ తుంపర ముందు ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యి పెట్టకూడదు. అంత వేగంతో వచ్చే డీజిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టు కనిపించినా లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలాంటి గాయమైతే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మెకానిక్ కుర్రాళ్లకు దీన్ని భయపెట్టి మరీ చెప్పాలి.

బిగించాక ఎయిర్ తియ్యడం అందరికీ తెలిసిన పనే. హ్యాండ్ పంపు కొట్టి ఫిల్టరు దగ్గర బుడగలు ఆగేదాకా, తరువాత సెల్ఫ్ కొట్టి ఇంజెక్టరు నట్ల దగ్గర డీజిలు వచ్చేదాకా.

ఇంజెక్టర్లన్నిటికీ ఉమ్మడిగా ఒకే గొట్టంలో (రైలు) డీజిలును ప్రెషరులో నిలవుంచే కామన్ రైల్ పద్ధతి వచ్చాక ఈ విద్యలో సగం తలకిందులైంది. దేశమంతా 2017 ఏప్రిల్లో బీఎస్-4, 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలయ్యాయి. బీఎస్-4 నాటికి కూడా లేలాండ్, పొగను కొంత తిరిగి సిలిండర్లోకి పంపే ఐఈజీఆర్ పద్ధతితో పెద్ద బళ్లలో పాత ఇన్‌లైన్ పంపునే నిలబెట్టింది, పాత మేస్త్రీలకు అది కొంత ఊపిరినిచ్చింది. ఇప్పుడు రైలులో ప్రెషరు 1600 బార్లు, ఇంకా పైన. నడుస్తున్న ఇంజన్ మీద నట్టు వదులు చేసి వినే పాత పరీక్ష ఇక్కడ ప్రాణాంతకం. ఇంజన్ ఆపాక కూడా ప్రెషరు దిగేదాకా ఆగి పైపు ముట్టుకోవాలి. చాలా రకాల ఇంజెక్టర్ల మీద అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ చెక్కి ఉంటుంది. దాన్ని స్కానరుతో ఇంజన్ కంప్యూటరైన ఈసీఎంలోకి ఎక్కించకపోతే ఇంజన్ నడుస్తుంది కానీ డీజిలు కొలత తప్పుతుంది, ఐడిలింగ్ కొడుతుంది.

అయినా చేతిపని పోలేదు. కమిన్స్ ఐఎస్‌బీఈ ఇంజన్లో హెడ్డు పక్కనుంచి వచ్చి ఇంజెక్టరును తాకే కనెక్టర్ గొట్టం ఉంటుంది. ముందు దాన్ని వెనక్కి లాగకుండా ఇంజెక్టరు పీకితే రెండూ పాడవుతాయి. బిగించేటప్పుడూ వరస ఉంది: క్లాంపు కొద్దిగా, కనెక్టరు కొద్దిగా, మళ్లీ క్లాంపు పూర్తిగా, చివరికి కనెక్టరు పూర్తిగా, అన్నీ టార్కు రెంచితోనే. ఈ వరస తప్పి కనెక్టరు మూతి సరిగా కూర్చోకపోతే డీజిలు లోపల్లోపలే రిటర్నులోకి పోతుంది, రైలులో ప్రెషరు చాలదు, బండి స్టార్టు కాదు. బయట ఒక్క చుక్క కారదు. స్కానరు ప్రెషరు తక్కువని చెబుతుంది, ఎందుకో చెప్పదు. పంపు పోయిందనుకుని దాన్ని విప్పే తొందరపాటు ఇక్కడే మొదలవుతుంది.

ఒకటి చెడితే ఒకటే మార్చాలా, ఆరూ మార్చాలా అన్నది షెడ్డులో తెగని పంచాయితీ. రిటర్ను పైపులు విడిగా ఉన్న ఇంజన్లలో ఒక్కో ఇంజెక్టరుకు ఒక్కో సీసా తగిలించి ఇంజన్ తిప్పితే తేలిపోతుంది: మిగతా ఐదు సీసాల్లో అడుగున కొంచెం ఉండగా ఒకటి నిండుతుంటే దొంగ అదొక్కటే. ఐదింటి మట్టాలు కూడా ఎగుడుదిగుడుగా ఉంటే, బండి లక్షల కిలోమీటర్లు తిరిగి ఉంటే, ఆరూ మార్చడమే చౌక. సీసాలు పెట్టకుండా ఆరూ మార్చాలనే మెకానిక్‌తో ఓనరు పేచీ పెట్టుకోవాలి. ట్యాంకు అడుగున నీళ్లు, ఫిల్టరులో తుప్పు చూడకుండా బిల్లు రాసినా పేచీ పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ నీళ్లే రేపు కొత్త సూదులనూ తింటాయి. పాత ఇంజెక్టర్లు మాత్రం అడిగి ఇంటికి తీసుకుపోవాలి, లేదా పాతవి తీసుకునే షాపులో ఇచ్చి బిల్లులో తగ్గించుకోవాలి.