గోదావరి మండలంలో పురావస్తు స్థలాల జాబితాలు: ఒక విమర్శ

రాబర్ట్ సీవెల్ 1882లో వెలువరించిన మద్రాసు రాజధాని పురాతన అవశేషాల జాబితా చరిత్ర విద్యార్థులైన మీకు కొత్త కాదు. ఇక్కడ దాన్ని ఒక దస్త్రంగా పరీక్షిద్దాం. అందులో నమోదైన స్థలాన్ని నేడు వెతికి పట్టుకోగలమా?

సీవెల్ స్థలాలను జిల్లా, తాలూకా, గ్రామం వరుసలో పేర్చాడు. బలహీనత అక్కడే ఉంది. జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి కొండనే తీసుకోండి. సీవెల్ కాలంలో అది గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో ఏలూరు వైపు తాలూకాలు కృష్ణా జిల్లాలో కలిశాయి. 1925లో పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు జిల్లా ఏర్పడ్డాయి. కొండ ఎక్కడికీ కదలలేదు. కాగితం మీద మాత్రం నాలుగు జిల్లాలు తిరిగింది.

అలాగని సీవెల్‌ను తీసిపారేయకండి. గ్రామం తాలూకా కేంద్రానికి ఏ దిక్కున, ఎన్ని మైళ్ళలో ఉందో ఆయన రాశాడు. జిల్లా పేరు మారినా ఆ కొలతతో ఊరు చేరవచ్చు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ప్రజల ముందుంచే రక్షిత కట్టడాల పట్టికలో సాధారణంగా కట్టడం పేరు, ఊరు, జిల్లా తప్ప ఈపాటి ఆనవాలు కూడా ఉండదు. ఈ ఒక్క విషయంలో పాత జాబితాయే మెరుగు.

శాసన పరిశోధకులు ఈ చిక్కును ముందే దాటారు. వారి వార్షిక నివేదికలలో ప్రతి శాసనానికీ సేకరించిన సంవత్సరం, వరుస సంఖ్య ఉంటాయి. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోని వందలాది శాసనాలలో ఒకదాన్ని వెతకడానికి ఆ సంఖ్య చాలు. ఊరు తూర్పు గోదావరిలో ఉందా, కోనసీమలో ఉందా అన్న పట్టింపు లేదు. శాసనానికి దక్కిన ఈ మర్యాద దిబ్బకు దక్కలేదు.

ఇక పేర్ల సంగతి. గుంటుపల్లిలో రాతిలో తొలిచిన గుండ్రని చైత్యగృహం కేంద్ర దస్త్రాలలో బౌద్ధ గుహ. చుట్టుపక్కల వారికి అది ధర్మలింగేశ్వరస్వామి గుడి. లోపలి స్తూపాన్నే లింగంగా కొలిచారు. కోనసీమలోని ఆదుర్రు స్తూపం ఊరివారి నోట దుబరాజు గుడి. ఇలాంటి పేర్లను పొరపాట్లుగా ఎంచి పట్టికలో చేర్చకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. మహాస్తూపం ఎక్కడని అడిగితే తెల్లబోయేవారు, దుబరాజు గుడి అంటే దారి చూపిస్తారు.

ఇది పేర్ల పట్టింపుతో పోయేది కాదు. రాజ్యాంగం జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను, స్థలాలను కేంద్ర జాబితా 67వ అంశంలోను, ఇతర కట్టడాలను రాష్ట్ర జాబితా 12వ అంశంలోను, ఇతర పురావస్తు స్థలాలను ఉమ్మడి జాబితా 40వ అంశంలోను ఉంచింది. అందువల్ల కొన్ని స్థలాలు 1958 నాటి కేంద్ర చట్టం కిందికి, కొన్ని 1960 నాటి రాష్ట్ర చట్టం కిందికి వస్తాయి. కేంద్ర రక్షణ ఉన్నచోట, 2010 సవరణ ప్రకారం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. ఇల్లు కట్టబోయే రైతుకు ఆ హద్దు ఎక్కడో తెలియాలి కదా! భూమి హద్దుకు ఇన్నాళ్ళూ ఆధారం సర్వే నంబరు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాలలో దాని స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. పాత నంబరుతో వెలువడిన గెజిట్ ప్రకటన దానంతట అది మారదు. రెండు నంబర్లనూ పక్కపక్కన చూపే పట్టిక గ్రామ సచివాలయంలో లేకపోతే నష్టం రైతుకూ, దిబ్బకూ కూడా.

దస్త్రం తప్పితే ఏమవుతుందో 2013 కాగ్ నివేదిక చూపింది. పరిశీలించిన 1,655 కేంద్ర రక్షిత కట్టడాలలో 92 కనిపించలేదు. తరువాత 42 దొరికాయి. మిగిలిన 50లో 14 పట్టణాల విస్తరణకు బలయ్యాయి, 12 జలాశయాలలో మునిగాయి. తక్కిన 24 కట్టడాల ఆచూకీయే తెలియలేదు. మునిగినదానికి కారణమైనా చెప్పగలం. ఈ 24కు అదీ లేదు.

2007లో ఏర్పడిన జాతీయ స్మారక, పురావస్తు మిషన్ దేశవ్యాప్త వివరాల సేకరణను తలపెట్టింది. స్థిరమైన సంఖ్య ఇవ్వడం అలాంటి కేంద్ర సంస్థకే సాధ్యం. అయితే వాడుక పేరు, పాత సర్వే నంబరు, కొత్త నంబరు, దిబ్బ ఎంతవరకు మిగిలి ఉంది అన్న వివరాలు గ్రామం నుంచే రావాలి. మీకు దగ్గరలోని ఒక దిబ్బనో గుడినో ఎంచుకొని ఈ నాలుగు వివరాలు సేకరించండి. వాటిని కేంద్ర, రాష్ట్ర పట్టికలతో పోల్చి, తేడాలను మీ అభ్యాస పత్రంలో రాయండి.